బ్యాంకాక్‌లో కాపురం, కాగితాలు, వంటిల్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం బ్యాంకాక్‌లో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారి నుంచి, వారి ఇళ్లవారి నుంచి వచ్చినవే. అడిగినవన్నీ రోజువారీ పనులకు సంబంధించినవే అయినా, వాటిలో ఒక్కటి తప్పినా డబ్బుతో పాటు సెలవులూ మనశ్శాంతీ కూడా పోతాయి కనుక, కొన్నింటికి కొంత విపులంగానే సమాధానం చెబుతున్నాను.

ప్రశ్న: అయ్యా, నేను హైదరాబాద్ నుంచి బదిలీపై బ్యాంకాక్ వచ్చాను. వీసా, వర్క్ పర్మిట్ పనులన్నీ కంపెనీ ఏజెంటే చూసుకున్నారు. ఇప్పుడు తొంభై రోజుల రిపోర్టు, టీఎం 30, రీ-ఎంట్రీ అని తోటి ఉద్యోగులు చెబుతుంటే గందరగోళంగా ఉంది. వీటిలో నేను స్వయంగా పట్టించుకోవలసినవి ఏవి? (ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బ్యాంకాక్)

జవాబు: అన్నీ మీరు పట్టించుకోవలసినవే. ఏజెంటు కాగితాలు సిద్ధం చేస్తారు గానీ, గడువు దాటిన రోజున ఇమ్మిగ్రేషన్ అధికారి ఎదుట నిలబడవలసిన వారు మీరే, జరిమానా కట్టవలసిన వారూ మీరే. అందుచేత పాస్‌పోర్టును పని అయిన వెంటనే వెనక్కు తీసుకుని, అందులోని ముద్రలను మీరే చదువుకుని, తేదీలను ఫోనులోనూ గోడ క్యాలెండరులోనూ రాసిపెట్టుకోండి. మీరు నాన్-ఇమ్మిగ్రెంట్ బి అనే ఉద్యోగ వీసాపై వచ్చి ఉంటారు. దానితో మొదట 90 రోజుల నివాసం లభిస్తుంది. ఆ తరువాత కంపెనీ పత్రాలు చూపి, 1,900 బాత్ రుసుము చెల్లించి, సాధారణంగా ఏడాది వరకు పొడిగింపు పొందుతారు. ఆ పొడిగింపు ముద్రలో ఉన్న తేదీయే మీరు ఆ దేశంలో ఉండగల చివరి రోజు. అది దాటితే రోజుకు 500 బాత్ చొప్పున, గరిష్ఠంగా 20,000 బాత్ వరకు జరిమానా పడుతుంది.

తొంభై రోజుల రిపోర్టు దీనికి సంబంధం లేని మరో బాధ్యత. ఏడాది పొడిగింపు చేతిలో ఉన్నా సరే, దేశం విడిచి వెళ్లకుండా 90 రోజులు గడిపిన ప్రతిసారీ మీరు ఏ చిరునామాలో ఉంటున్నారో టీఎం 47 అనే ఫారంపై తెలియజేయాలి. గడువు తేదీకి 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తరువాతి వరకు ఇమ్మిగ్రేషన్ కార్యాలయంలో దీనిని స్వీకరిస్తారు. అదీ దాటితే 2,000 బాత్ జరిమానా. మొదటిసారి కార్యాలయానికి వెళ్లి ఇవ్వవలసి ఉంటుంది గానీ, తరువాతి వాటిని ఆన్‌లైన్‌లో పంపవచ్చు. ఆన్‌లైన్‌లో పంపేవారు చివరి వారం వరకు ఆగకూడదు, ఎందుకంటే దరఖాస్తు తిరస్కరణకు గురైతే చెంగ్ వత్తనాలోని ప్రభుత్వ కార్యాలయాల సముదాయానికి స్వయంగా వెళ్లడానికి వ్యవధి మిగలాలి. మధ్యలో మీరు ఇండియా వచ్చి వెళ్లితే లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలవుతుంది. ఈ సంగతి తెలియక పాత తేదీనే పట్టుకుని సెలవు పెట్టి వెళ్లేవారు చాలామంది ఉన్నారు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం కలిగించేది రీ-ఎంట్రీ పర్మిట్, అంటే బయటకు వెళ్లి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి, విషయంలో ఏమరుపాటు. ఈ అనుమతి లేకుండా థాయిలాండ్ దాటి బయటకు వెళ్లితే మీ ఏడాది పొడిగింపు ఆ క్షణంతోనే రద్దవుతుంది. తిరిగి వచ్చాక మొత్తం ప్రక్రియను మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఒక్కసారికి 1,000 బాత్, ఎన్నిసార్లయినా వెళ్లి రావడానికి 3,800 బాత్. ఇంటి నుంచి అర్ధరాత్రి ఫోను వచ్చి, తెల్లవారేసరికి విమానం ఎక్కవలసిన పరిస్థితి పరాయి దేశంలో ఉండేవారిలో ఎవరికైనా రావచ్చు. సువర్ణభూమి విమానాశ్రయంలో ఈ అనుమతి ఇచ్చే కౌంటరు ఉన్న మాట నిజమే అయినా, అటువంటి దుఃఖంలో, హడావుడిలో అది గుర్తుకు వస్తుందని నమ్మలేము. కాబట్టి ఏడాది పొడిగింపు తీసుకున్న రోజునే, అదే కార్యాలయంలో, ఎన్నిసార్లయినా చెల్లే అనుమతిని కూడా తీసుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. ఆ 3,800 బాత్ వద్ద పొదుపు చేయకండి.

ఇక టీఎం 30 అనేది ఇంటి యజమాని చేయవలసిన పని. విదేశీయులు తమ ఇంట్లో దిగిన 24 గంటలలోగా యజమాని ఆ సమాచారాన్ని అధికారులకు ఇవ్వాలి. యజమాని ఇవ్వకపోయినా, పొడిగింపు కోసం వెళ్లినప్పుడు ఆ రసీదు అడిగేది మాత్రం మిమ్మల్నే. అద్దె ఒప్పందంపై సంతకం చేసే ముందే, తాళంచెవులతో పాటు ఈ రసీదు కూడా ఇవ్వాలని స్పష్టంగా మాట్లాడుకోండి. సాధారణంగా రెండు నెలల అద్దె డిపాజిట్టుగా, ఒక నెల ముందుగా కట్టించుకుంటారు కనుక, డబ్బు చేతులు మారక ముందే మీ మాటకు బలం ఉంటుంది. కరెంటు బిల్లు నేరుగా విద్యుత్ సంస్థ నుంచి వస్తుందా, లేక యజమానే యూనిట్‌కు తన రేటు వేసి వసూలు చేస్తారా అన్నదీ అప్పుడే అడగండి. బ్యాంకాక్‌లో ఏసీ లేకుండా గడిచే నెలలు తక్కువ, ఆ తేడా ఏడాదికి చిన్నది కాదు.

ఇంకొక హెచ్చరిక: మీ నివాస అనుమతి ఉద్యోగానికి ముడిపడి ఉంది. ఉద్యోగం మానుకోవాలనుకుంటే, చివరి పనిదినం ఏదో, వర్క్ పర్మిట్ ఎప్పుడు రద్దు చేస్తారో కంపెనీతో రాతపూర్వకంగా తేల్చుకున్న తరువాతే రాజీనామా ఇవ్వండి.

ప్రశ్న: మా వారి ఉద్యోగరీత్యా బ్యాంకాక్ వచ్చాము. మేము శాకాహారులం. హోటళ్లలో మాంసం వద్దన్నా ఏదో ఒకటి కలుస్తోందని భయం. మేముండే కండోలో (అపార్ట్‌మెంటు ఫ్లాటులో) గ్యాసు పొయ్యి లేదు. మన బియ్యం, పప్పులు, ఆకుకూరలు ఎక్కడ దొరుకుతాయి? (ఒక గృహిణి)

జవాబు: అమ్మా, మీ భయం అకారణమైనది కాదు. థాయ్ వంటలో ఉప్పు స్థానంలో చాలాచోట్ల నామ్ ప్లా అనే, చేపలను పులియబెట్టి తీసిన నీరు వాడతారు. కూరల ముద్దలో కపి అనే రొయ్యల ముద్ద ముందే నూరి ఉంటుంది. కూరగాయల వేపుడులో ఆల్చిప్పల సాస్ పడుతుంది. అందువల్ల ముందే వండి గిన్నెలలో పెట్టిన కూరల దుకాణం వద్ద మాంసం ముక్కలు తీసి ఇమ్మని అడగడం వల్ల ప్రయోజనం లేదు. అప్పటికప్పుడు వండి ఇచ్చే దుకాణాలను ఆహాన్ తామ్ సాంగ్ అంటారు. అక్కడ 'మై సై నామ్ ప్లా' అంటే చేపనీరు వేయవద్దని అర్థం చేసుకుని, సోయా సాస్‌తో చేసి ఇస్తారు. ఇంకా నిశ్చింతగా తినాలంటే పసుపు జెండాపై ఎర్ర అక్షరాలతో 'జే' అని రాసి ఉన్న దుకాణాలను వెతకండి. అక్కడ మాంసం, చేప, గుడ్డు, పాలే కాక ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. ఏటా సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో తొమ్మిది రోజుల పాటు జే పండుగ జరిగినప్పుడు వీధివీధినా ఈ జెండాలే కనిపిస్తాయి. మీ ఇంటి చుట్టుపక్కల ఏ దుకాణాలవారు ఈ వంట చేయగలరో తెలుసుకోవడానికి అది మంచి అవకాశం.

బియ్యం విషయంలో చాలామంది తొందరపడి మల్లెవాసన గల హోమ్ మలి బియ్యం పెద్ద సంచి కొనేస్తారు. అది రుచిగలదే గానీ, అన్నం మెత్తగా అతుక్కుంటుంది. పులిహోరకూ చారన్నానికీ మన చేతికి అలవాటైన పొడి అన్నం కాదు. సూపర్ మార్కెట్లలోనే సావో హై అనే పేరుతో సరబురి ప్రాంతపు బియ్యం దొరుకుతుంది. దాని అన్నం పలుకు పలుకుగా విడిపోతుంది, ధర కూడా తక్కువే. ముందు చిన్న సంచి తెచ్చి వండి చూడండి.

కందిపప్పు, మినపప్పు, ఇంగువ, ఆవాలు కావాలంటే బ్యాంకాక్‌లో భారతీయుల దుకాణాలుండే ఫహురాత్‌కు వెళ్లాలి. ఎంఆర్‌టీ అనే మెట్రో రైలు నీలం లైనులో సామ్ యోత్ స్టేషనులో దిగితే నడిచి వెళ్లగలిగినంత దూరం. గురుద్వారా పరిసరాలలోని సందులలో ఉన్న దుకాణాలలో నెలకు సరిపడా సరుకులు ఒకేసారి తెచ్చుకోవచ్చు. కూరగాయలకు మాత్రం అంత దూరం అక్కరలేదు. మీ దగ్గరి మామూలు థాయ్ సంతలోనే బీరకాయ, కాకరకాయ, ఆనపకాయ, చింతపండు, అప్పటికప్పుడు తురిమి ఇచ్చే కొబ్బరి ఉంటాయి. వారు ఇష్టంగా తినే పాక్ బుంగ్ మన తూటికూర, తామ్లుంగ్ అనేది దొండ ఆకు. రెండూ పప్పులో చక్కగా కలుస్తాయి. గోంగూర కోసం బెంగపడే వారికి ఒక దారి చెబుతాను. మయన్మార్ ప్రజలు చిన్‌బాంగ్ అని పిలిచే పుల్లని ఆకు మన గోంగూర జాతిదే. బర్మా కార్మికులు ఎక్కువగా ఉండే ఫ్రా ఖనోంగ్ సంతలో, మహాచాయి పట్టణంలో అడిగి చూడండి. కట్ట కనిపిస్తే వెంటనే కొనండి, రోజూ ఉండకపోవచ్చు.

చాలా కండోలలో గ్యాసు సిలిండరును అనుమతించరు కాబట్టి ఇండక్షన్ పొయ్యి మీద ఆధారపడక తప్పదు. ఇంటి నుంచి కుక్కరు తెచ్చుకునేటప్పుడు దాని అడుగు ఇండక్షన్‌కు పనికివచ్చేదేనా చూసుకోండి. కరెంటు అక్కడా 220 వోల్టులే కనుక మన మిక్సీ పనిచేస్తుంది, అయితే మన మూడు గుండ్రని పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్‌లో పట్టదు. మిక్సీ బరువుకు తగిన గట్టి అడాప్టరు కొనండి. మరొక చిన్న సంగతి: పాలు, పిండి, మందుల పొట్లాలపై గడువు తేదీ కొన్నిసార్లు బుద్ధశకంలో ఉంటుంది. అది మన లెక్కకంటే 543 ఏళ్లు ముందుంటుంది కనుక 2026 అక్కడ 2569 అవుతుంది. కొన్నిటిపై చివరి రెండు అంకెలే వేస్తారు.

ప్రశ్న: నా జీతంలో నెలనెలా సోషల్ సెక్యూరిటీ కోత పడుతోంది. దానితో వైద్యం అందుతుందా? భార్యకు, పాపకు కూడా వర్తిస్తుందా? (ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: వర్క్ పర్మిట్‌తో కంపెనీలో పనిచేసే విదేశీయులకు కూడా ఆ పథకం వర్తిస్తుంది. నిర్ణీత పరిమితికి లోబడి మీ జీతంలో 5 శాతం మీరు, మరో 5 శాతం యజమాని చెల్లిస్తారు. గడచిన 15 నెలలలో కనీసం మూడు నెలలు చెల్లించి ఉంటే అనారోగ్యానికి వైద్యం పొందవచ్చు, అయితే మీ పేరు నమోదైన ఒక్క ఆసుపత్రిలోనే. ఆ ఆసుపత్రి ఏదో చాలామందికి తెలియదు. కంపెనీ ఏదో ఒకటి రాసి పంపేస్తుంది. వెంటనే కనుక్కోండి. అది మీ ఇంటికి దూరమైతే, ఏటా జనవరి నుంచి మార్చి వరకు మార్చుకునే అవకాశం ఉంటుంది. పథకం గురించి 1506 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

భార్యాపిల్లల వైద్యానికి ఈ పథకం వర్తించదు. బ్యాంకాక్‌లో ప్రైవేటు ఆసుపత్రులు ఎంత మంచివో అంత ఖరీదైనవి కూడా. కంపెనీ బీమాలో వారి పేర్లు లేకపోతే, మరో ఖర్చు తగ్గించుకునైనా వారికి విడిగా బీమా తీసుకోండి. ప్రాణాపాయ స్థితిలో అంబులెన్సుకు 1669 నంబరు. మీ చిరునామాను థాయ్‌లో రాయించి ఇంట్లో తలుపు దగ్గర అతికించి ఉంచితే, ఆ సమయంలో మీ భార్య కాకపోయినా పక్కింటివారు చదివి చెప్పగలుగుతారు.

ప్రశ్న: ఆఫీసుకు వెళ్లడానికి స్కూటరు కొనాలనుకుంటున్నాను. ఇండియా లైసెన్సు చాలదా? (ఒక యువ పాఠకుడు)

జవాబు: చాలదు. కొత్తగా వచ్చినప్పుడు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉపయోగపడుతుంది గానీ, అక్కడ నివసించి ఉద్యోగం చేసేవారు భూరవాణా శాఖ కార్యాలయంలో థాయ్ లైసెన్సు తీసుకోవడమే సరైన పద్ధతి. పాస్‌పోర్టు, వర్క్ పర్మిట్, డాక్టరు ధ్రువపత్రం తీసుకువెళ్లండి. రంగులు గుర్తించే పరీక్ష, బ్రేకు వేసే వేగం పరీక్ష ఉంటాయి. మొదట రెండేళ్లకు ఇస్తారు, తరువాత అయిదేళ్లకు. కారుకు వేరు, మోటారు సైకిలుకు వేరు లైసెన్సు అన్నది మరచిపోకండి. సరైన లైసెన్సు లేకుండా ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేయవచ్చు. మన దేశంలోలాగే ఎడమవైపు నడుపుతారు గనుక అలవాటు పడడం కష్టం కాదు, కానీ మీ ఇల్లు బీటీఎస్ లేదా ఎంఆర్‌టీ మెట్రో రైళ్ల దారిలో ఉంటే, నారింజ రంగు చొక్కాల మోటారు సైకిల్ టాక్సీలో స్టేషను వరకు వెళ్లి రైలెక్కడమే క్షేమమని నా సలహా.

ప్రశ్న: మా అమ్మానాన్నలు విజయవాడ నుంచి నెల రోజులు ఉండడానికి మా దగ్గరకు వస్తున్నారు. ఏమేమి జాగ్రత్తలు తీసుకోవాలి? (ఒక పాఠకురాలు, బ్యాంకాక్)

జవాబు: ప్రయాణానికి ముందు మూడు రోజులలోగా వారిద్దరి పేరిట డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, 2025 మే 1 నుంచి ఇది తప్పనిసరి. దీనికి రుసుము లేదు, కాబట్టి డబ్బు అడిగే వెబ్‌సైట్లలో వివరాలు ఇవ్వకండి. వీసా నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక టికెట్టు కొనే ముందు థాయ్ రాయబార కార్యాలయం ప్రకటనను చదవండి. వారు మీ ఇంట్లోనే దిగుతారు గనుక, పైన చెప్పిన టీఎం 30 సమాచారం వారి విషయంలోనూ ఇవ్వాలని మీ ఇంటి యజమానికి ముందే చెప్పండి.

మందులను విడివిడి డబ్బాలలో కాక, షాపు పొట్లాలలోనే, డాక్టరు రాసిన ఇంగ్లీషు చీటీతో సహా తీసుకురమ్మనండి. ముఖ్యంగా నాన్నగారు నిద్రకో ఆందోళనకో ఆల్ప్రాజొలామ్ వంటి మాత్రలు వాడుతుంటే ఎక్కువ జాగ్రత్త అవసరం. థాయిలాండ్‌లో అది కఠిన నియంత్రణలో ఉన్న మందు. 30 రోజుల మోతాదుకు మించకుండా, రోగి పేరు, మోతాదు, కారణం రాసిన డాక్టరు ధ్రువపత్రంతోనే వెంట ఉంచుకోవాలి. ఈ-సిగరెట్లు అక్కడ నిషిద్ధం. బంధువులెవరైనా సామానులో పెట్టి పంపకుండా చూడండి.

పెద్దవారికి పగలు పొద్దుపోక ఇబ్బందిగా ఉంటుంది. సీలోమ్ రోడ్డులోని శ్రీ మహా మారియమ్మన్ కోవెలను పంతొమ్మిదో శతాబ్దంలో తమిళులు కట్టుకున్నారు; థాయ్ ప్రజలు కూడా పెద్ద సంఖ్యలో పూలు, కొబ్బరికాయలు పట్టుకుని వస్తారు. లోపల ఫోటోలు తీయనివ్వరు. దసరా రోజులలో అక్కడి ఊరేగింపు చూడదగినదే గానీ, ఆ రాత్రి వీధంతా జనంతో నిండిపోతుంది కనుక, మోకాళ్ల నొప్పులున్నవారిని ముందు రోజు ఉదయం తీసుకువెళ్లి దర్శనం చేయించండి.