ఇంట్లో ఫైల్ సర్వర్ పెట్టుకునే ముందు

చిరంజీవికి,

పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి, ఇంటిల్లిపాది ఫోటోలూ ఫైళ్లూ ఒకేచోట దాచాలనుకుంటున్నానని రాశావు. చాలా సంతోషం. ఆ ఫైళ్లను ఇంటి నెట్‌వర్క్‌లో మిగతా కంప్యూటర్లకు పంచడానికి సాంబా పెట్టాలా, ఎన్‌ఎఫ్‌ఎస్ పెట్టాలా అని అడిగావు కదా. విండోస్ ల్యాప్‌టాప్ ఒక్కటున్నా సాంబా పెట్టు. అన్నీ లినక్స్ మిషన్లే అయితే ఎన్‌ఎఫ్‌ఎస్ తేలిక. దీనికి ఇంతకు మించి బుర్ర పాడుచేసుకోకు. అసలు చిక్కంతా డిస్క్ దగ్గర, పర్మిషన్ల దగ్గర వస్తుంది.

డిస్క్‌ని లినక్స్ ఫైల్‌సిస్టమ్ అయిన ఈఎక్స్‌టీ4లో ఫార్మాట్ చెయ్యి. అందులో ఇప్పుడున్నవన్నీ పోతాయి కాబట్టి ముందే వేరేచోటికి కాపీ చేసుకో. బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్‌ని ఏ ఫోల్డర్‌కి తగిలించాలో (దీన్నే మౌంట్ అంటారు) చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే డిస్క్ పేర్లు రాయొద్దు. ఇంకో డిస్క్ తగిలించి రీబూట్ చేస్తే ఆ పేర్లు అటూ ఇటూ అయిపోవచ్చు. బీఎల్‌కేఐడీ కమాండ్ చూపించే యూయూఐడీ, అంటే ఆ డిస్క్‌కి మారకుండా ఉండే గుర్తింపు, రాయి, పక్కన నోఫెయిల్ అనే ఆప్షన్ చేర్చు. అది లేకపోతే, డిస్క్ కనబడని రోజు కంప్యూటర్ పూర్తిగా బూట్ కాకుండా ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది.

నోఫెయిల్ పెట్టాక నేనొకసారి దెబ్బతిన్నాను. యూఎస్‌బీ కేబుల్ వదులై డిస్క్ మౌంట్ కాలేదు. కానీ డిస్క్ తగిలించే ఫోల్డర్ (మౌంట్ పాయింట్) ఖాళీగా ఉండనే ఉంది, సాంబా దాన్నే షేర్ చేస్తూ పోయింది. రాత్రి ల్యాప్‌టాప్ బ్యాకప్ మొత్తం సిస్టమ్ డిస్క్ మీద పడి, తెల్లారేసరికి అది నిండిపోయింది. కేబుల్ సరిచేసి మౌంట్ చేశాక ఆ ఫైళ్లు కంటికి కూడా కనబడలేదు, డిస్క్ వాటిని కప్పేసింది. ఏం జరిగిందో తెలిసేలోపు ఒక రోజంతా టెన్షన్ పడ్డాను. అందుకే చెబుతున్నా, మౌంట్ పాయింట్‌ని నేరుగా షేర్ చెయ్యొద్దు. డిస్క్ లోపల ఒక ఫోల్డర్ చేసి దాన్ని షేర్ చెయ్యి. డిస్క్ లేకపోతే ఆ ఫోల్డరూ ఉండదు, సాంబా కనెక్షన్ ఇవ్వదు.

ఇక పర్మిషన్లు. సాంబా వాడే ప్రతి ఒక్కరికీ లినక్స్‌లో యూజర్ ఉండాలి, ఆపైన smbpasswd కమాండ్‌తో విడిగా సాంబా పాస్‌వర్డ్ పెట్టాలి. సాంబా సెట్టింగుల ఫైల్‌లో రాయడానికి అనుమతి ఇచ్చినా, ఫోల్డర్ మీద లినక్స్ పర్మిషన్ లేకపోతే పని జరగదు. రెండూ ఒప్పుకోవాలి. ఇక్కడే చాలామంది విసిగిపోయి, ఎవరైనా ఏమైనా చేసేలా 777 పర్మిషన్ కొట్టేస్తారు. నువ్వు ఆ పని చెయ్యకు. ఇంట్లోవాళ్లందరినీ ఒక గ్రూపులో చేర్చి, ఫోల్డర్‌ని ఆ గ్రూపు పేరు మీదికి మార్చి 2770 ఇవ్వు, అంటే యజమానికీ గ్రూపుకీ పూర్తి అనుమతి, మిగతావాళ్లకి ఏమీ లేదు. ముందున్న ఆ 2 వల్ల కొత్తగా పుట్టే ఫైళ్లకీ అదే గ్రూపు వస్తుంది. సాంబాలో కొత్త ఫైళ్లకి క్రియేట్ మాస్క్ 0660, కొత్త ఫోల్డర్లకి డైరెక్టరీ మాస్క్ 2770 పెట్టు. ఒకరు పెట్టిన ఫైల్‌ని మరొకరు దిద్దలేకపోవడం అనే గొడవ తీరుతుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ మామూలు సెటప్‌లో అయితే యూజర్ పేరు ఒకటైతే చాలదు, లినక్స్ ప్రతి యూజర్‌కీ ఇచ్చే యూఐడీ నంబర్ కలవాలి. ఇక్కడ 1000, అక్కడ 1001 ఉంటే ఒకే పేరైనా వేరే మనిషి కిందే లెక్క.

రౌటర్‌లో ఈ కంప్యూటర్‌కి ఒకే ఐపీ అడ్రస్ వచ్చేలా చేసుకో. సాంబా వాడే 445 పోర్టుని మాత్రం రౌటర్ నుంచి ఇంటర్నెట్‌కి ఎప్పుడూ తెరవొద్దు. బయటినుంచి కావాలంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ వాడు. పాత పరికరం ఏదో కనెక్ట్ కావట్లేదని సాంబా వాడే ప్రోటోకాల్‌లో పాత వెర్షన్ అయిన ఎస్‌ఎంబీ1 ఆన్ చెయ్యకు. 2017లో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఎన్నో విండోస్ కంప్యూటర్లకు పాకింది దానిలోని లోపం పట్టుకునే.

ఇంకోటి, రెండు డిస్కుల్లో ఒకే డేటా ఉండేలా రెయిడ్‌లో పెట్టాను, బ్యాకప్ అక్కర్లేదు అనుకోకు. పొరపాటున డిలీట్ చేస్తే రెండింట్లోనూ పోతుంది. ఫోటోల కాపీ ఇంకో డిస్క్‌లో చేసి, దాన్ని కంప్యూటర్ నుంచి తీసేసి పక్కన పెట్టి ఉంచు.

అన్నీ అయ్యాక, ఎవరూ వాడని సమయంలో డిస్క్‌ని అన్‌మౌంట్ చేసి, ల్యాప్‌టాప్ నుంచి ఒక ఫైల్ కాపీ చేసి చూడు. కాపీ కాకూడదు. అయిందంటే షేర్ దారి తప్పు రాశావన్నమాట. సాంబా సెట్టింగులు సరిచూసే టెస్ట్‌పార్మ్ కమాండ్ ఏం చూపిస్తుందో నాకు పంపు, కలిసి చూద్దాం.

మీ పెద్దనాన్న