జీతం చీటీలో ఆ 120 రూపాయలు

బిడ్డా,

పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరావని మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషమైంది. జీతం 16,000 అని, అందులో ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కింద 120 రూపాయలు కోస్తున్నారని నువ్వు బాధపడుతున్నావని కూడా అన్నాడు. ఆ కోత గురించే ఈ ఉత్తరం.

నీ జీతంలో పోయేది 0.75 శాతం. కంపెనీ తన వంతు 3.25 శాతం, అంటే 520 రూపాయలు కట్టాలి. నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు ఇది హక్కు, ఎవరి దయ కాదు. నువ్వు కాంట్రాక్టర్ కింద చేరావు కదా, పైలం. కాంట్రాక్టర్ కట్టకపోతే అసలు కంపెనీయే కట్టాలని చట్టం చెబుతుంది. "నువ్వు మా మనిషివి కాదు" అని వాళ్లంటే నమ్మకు.

చేరగానే నీకు పది అంకెల ఇన్సూరెన్స్ నంబర్ ఇస్తారు. రేపు కంపెనీ మారినా అదే నంబర్ చెప్పు. కొత్తది తీసుకుంటే కట్టిన రోజులు రెండు చోట్లకు చీలిపోతాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట, ఇంట్లోవాళ్ల పేర్లు. నేను మిల్లులో చేరిన కొత్తలో ఫారం మీద సంతకం పెట్టి గుమాస్తా చేతికిచ్చి వచ్చేశాను. అందులో ఏం రాశాడో చూడలేదు. నాలుగేళ్లకు మీ పెద్దమ్మకు గర్భసంచి ఆపరేషన్ చేయాలన్నారు. తీరా పోతే ఈఎస్ఐ కార్డులో ఆమె పేరే లేదు. నెల నెలా నా జీతంలో కోత పడుతూనే ఉంది, మనిషికి మాత్రం వైద్యం లేదు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ప్రైవేటులో చేయించాను. ఆ అప్పు తీరేసరికి రెండు పంటలు పోయాయి. అందుకే చెబుతున్నాను, కార్డు ప్రింటు చేతికి రాగానే ప్రతి అక్షరం ఆధార్‌తో పోల్చి చూడు. నీ మీద ఆధారపడిన అమ్మను, బాపును రాయించు. తమ్ముడి పేరు మాత్రం ఎక్కదు, తల్లిదండ్రులు బతికుండగా తోబుట్టువులు లెక్కలోకి రారు. పెళ్లయ్యాక అల్లుడి పేరు చేర్పించడం మరిచిపోకు.

ఆరోగ్యశ్రీ ఉంది కదా, ఇదెందుకు అంటాడు మీ బాపు. అది 10 లక్షల దాకా పెద్ద రోగాలకు మంచిదే. కానీ జ్వరమొచ్చి పది రోజులు పనికి పోకపోతే ఆ కూలి ఎవరిస్తారు? ఈఎస్ఐ జీతంలో 70 శాతం లెక్కన ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తుంది. వైద్యం చేరిన రోజు నుంచే దొరుకుతుంది, ఈ డబ్బు మాత్రం అలా కాదు. కొత్తగా చేరినవాళ్లకు తొమ్మిది నెలలు నిండాకే మొదలవుతుంది. ఆ తరువాత కూడా ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి, ఇలా ఆరు నెలల లెక్కలో 78 రోజులకైనా నీ పేరున చందా, అంటే ఈ కోత, పడాలి. పండగలని, జాతరలని ఊరికే నాగాలు పెడితే ఇక్కడే దెబ్బ తింటాం. మిషన్ దగ్గర దెబ్బ తగిలితే మాత్రం ఈ రోజుల లెక్క ఉండదు. వెంటనే ప్రమాదం రిజిస్టర్‌లో రాయించు. "రాయకు, ఖర్చు మేమే పెట్టుకుంటాం" అని సూపర్‌వైజర్ మంచిగా అడిగినా సరే రాయించు. కాన్పుకు 26 వారాల సెలవు డబ్బు కూడా ఉంది, దాని లెక్క సమయం వచ్చినప్పుడు చెబుతాను.

జీతం 21,000 దాటిందనుకో, ఈఎస్ఐ అదే నెల పోదు. జూన్‌లో పెరిగితే సెప్టెంబర్ 30 దాకా కోత పడుతుంది, నువ్వు ఈఎస్ఐలోనే ఉంటావు. ఓవర్‌టైమ్ డబ్బుతో దాటితే అది దాటినట్టే కాదు. నిజంగా బయటికి వచ్చే రోజున కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఉందా, అమ్మానాన్నలను చేర్చడానికి ఏ తేదీ దాకా గడువు ఉంది అని హెచ్‌ఆర్‌ను ముందే అడుగు. గడువు దాటితే మళ్లీ ఏడాది ఆగమంటారు.

మీ అమ్మ ఆధార్‌లో ఇంటిపేరు ఒకటి, రేషన్ కార్డులో ఇంకోటి ఉన్నట్టు నాకు గుర్తు. ఆదివారం జడ్చర్ల వస్తున్నాను. రెండూ తీసిపెట్టమను, మీసేవకు కలిసే పోదాం.

మీ పెద్దబాపు