ఎడిటర్‌లోంచే స్క్రిప్టు నడపడం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

స్క్రిప్టును టెర్మినల్‌లో నడిపి, అక్కడ కనిపించిన లైను నంబరును గుర్తుపెట్టుకుని, మళ్ళీ ఎడిటర్‌లోకి వచ్చి వెతుక్కునే అవస్థ ఇక వద్దనుకుంటున్నానని నీవు రాసినందుకు సంతోషించాను. సెట్టింగుల జోలికి వెళ్ళే ముందు స్క్రిప్టులో కావాలనే ఒక తప్పు పెట్టి, టెర్మినల్‌లో నడిపి, వచ్చిన ఎర్రర్‌ను అక్షరం పొల్లుపోకుండా చదువు. అందులో ఫైలు పేరేదో, లైను నంబరేదో ఎడిటర్ పోల్చుకుని, నొక్కితే ఆ లైనుకే తీసుకెళ్ళే లింకుగా మార్చేది నీవిచ్చే ప్యాటర్న్‌ను, అంటే ఎర్రర్ వరుస రూపాన్ని చెప్పే నమూనాను బట్టే.

సీ భాష కంపైలరైన జీసీసీ అయితే ఫైలు పేరు, లైను, కాలమ్‌లను కోలన్లతో విడదీసి, సందేశంతో సహా ఒకే వరుసలో ఇస్తుంది కనుక చిక్కు ఉండదు. పైథాన్ ట్రేస్‌బ్యాక్‌తోనే, అంటే తప్పు జరిగిన చోటికి దారితీసిన కాల్స్ జాబితాతోనే జాగ్రత్త అవసరం. అందులో ఫైలు పేరు, లైను నంబరు ఒక వరుసలో, అసలు తప్పేమిటన్నది అన్నిటికంటే అడుగున వస్తాయి. చివరగా జరిగిన కాల్ కిందనే ఉంటుంది కాబట్టి, మొదటి లింకు పట్టుకుని వెళితే సాధారణంగా ప్రోగ్రాము మొదలైన చోటికే చేరతావు. కింది నుంచి పైకి చదువుతూ, లైబ్రరీ ఫైళ్ళను దాటి, మొదట ఎదురైన నీ సొంత ఫైలు దగ్గర ఆగు.

నీ ఎడిటర్ విమ్ అయితే ఈ ప్యాటర్న్‌ను ఎర్రర్‌ఫార్మాట్ అనే ఆప్షన్‌లో రాయాలి. శాతం గుర్తు పక్కన ఎఫ్ పెడితే ఫైలు, ఎల్ పెడితే లైను, ఎమ్ పెడితే సందేశం. ఆపై నీ స్క్రిప్టును నడిపేలా అమర్చుకున్న మేక్ కమాండు ఇస్తే తప్పులన్నీ క్విక్‌ఫిక్స్ అనే తప్పుల జాబితాలో చేరతాయి. మార్పులను తనంతట తానే సేవ్ చేసే ఆటోరైట్ ఆప్షన్‌ను కూడా ఆన్ చేసి ఉంచు, లేకపోతే సేవ్ చేయని మార్పులను వదిలేసి పాత కోడే నడుస్తుంది. ఈమాక్స్ ఎడిటర్‌లో కంపైల్ కమాండుకు పైథాన్ ట్రేస్‌బ్యాక్ ముందే తెలుసు. వీఎస్ కోడ్‌లో ఇదే పనిని టాస్కులోని ప్రాబ్లమ్ మ్యాచర్ చేస్తుంది.

లింకు నొక్కగానే ఖాళీ ఫైలు తెరుచుకుంటే ముందుగానే ప్యాటర్న్‌ను అనుమానించకు. స్క్రిప్టు ఒక ఫోల్డరులో నడిచి, ఎడిటర్ మరో ఫోల్డరు నుంచి ఆ పేరును వెతుకుతూ ఉండవచ్చు. ప్రాజెక్టు మూల ఫోల్డరు నుంచే నడిపించు, లేదా స్క్రిప్టు ఫైలును దాని పూర్తి పాత్‌తో నడిపించు. విండోస్‌లో డ్రైవ్ అక్షరం పక్కన ఉండే కోలన్ కూడా ప్యాటర్న్‌ను తప్పుదారి పట్టించవచ్చు, దాన్ని ముందే లెక్కలోకి తీసుకో.

మరొకటి. ఎడిటర్ పైపు ద్వారా, అంటే టెర్మినల్‌కు బదులు నేరుగా తనలోకి అవుట్‌పుట్ తీసుకున్నప్పుడు పైథాన్ తన ప్రింట్లను బఫర్ అనే తాత్కాలిక నిల్వలో దాచుకుంటుంది గనుక, ఎర్రర్ ముందు వచ్చి, దానికి ముందు జరిగిన ప్రింట్లు తరువాత కనిపిస్తాయి. ఆ తారుమారు చూసి తప్పు ఎక్కడుందో తేల్చుకోలేక చాలామంది సమయం పోగొట్టుకుంటారు. పైథాన్‌ను మైనస్ యూ (-u) ఆప్షన్‌తో నడిపితే క్రమం కుదురుతుంది.

ఇవన్నీ చేసినా లింకు పడకపోతే, నీవు రాసిన ప్యాటర్న్‌తో పాటు ఎర్రర్ మొత్తాన్ని ఏమీ కత్తిరించకుండా నాకు పంపు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి