ఒకటో తరగతిలో వెనక పళ్లు చూడు

చి. అమ్మలూకి,

పెద్దమ్మ ఆశీస్సులు. బడిలో పిల్లల పళ్ల ఆరోగ్యం బాధ్యత మీ హెచ్‌ఎం నీకు అప్పగించారటగా. మార్చి 20న ప్రపంచ నోటి ఆరోగ్య దినానికి ర్యాలీ, బ్యానర్లు, వ్యాసరచన అంటూ అప్పుడే టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ర్యాలీ చెయ్యి, ఫొటోలు పైకి పంపాలి కదా. అసలు పని మాత్రం ఒకటో తరగతి గదిలో ఉంది.

ఆరేళ్లు వచ్చేసరికి పాలపళ్ల వెనకాల, కిందా పైనా రెండేసి చొప్పున నాలుగు దంతాలు మొలుస్తాయి. ముందు ఏ పన్నూ ఊడదు కాబట్టి అవి వచ్చిన సంగతే ఇంట్లోవాళ్లకు తెలీదు. పుచ్చినా "పాలపళ్లేలే, ఊడిపోతాయి" అంటారు. అవి పోతే మళ్లీ రావు. వాటి పైభాగమంతా సన్నని సందులు. బిస్కెట్ పిండి అక్కడే ఇరుక్కుంటుంది, పిల్లల బ్రష్ అంతదాకా పోదు. ఒక్కొక్కళ్లనీ గుమ్మం దగ్గర వెలుతురులో నిలబెట్టి నోరు తెరిపించు. నల్ల గీతో, గుంటో కనిపిస్తే పేరు రాసుకో. బడి పిల్లల్ని పరీక్షించే ప్రభుత్వ వైద్య బృందం (ఆర్‌బీఎస్‌కే) వచ్చిన రోజు ఆ లిస్టు డాక్టరు చేతిలో పెట్టు. బడి మొత్తాన్ని ఒక్క పూటలో చూసేవాళ్లకు మనం చూపిస్తేనే పని జరుగుతుంది.

మీది నల్గొండ వైపు. కృష్ణా నీళ్లు వచ్చినా బోరు నీళ్లు తాగే ఇళ్లు ఉంటాయి. ముందుపళ్ల మీద సుద్దలాంటి తెల్లమచ్చలు, గోధుమరంగు చారలు ఉన్న పిల్లని "పళ్లు తోమవా?" అని అందరి ముందూ అనకు. పళ్లు తయారయ్యే వయసులో తాగిన ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చినవి అవి. బొగ్గు, ఇటుకపొడి పెట్టి రుద్దితే పోకపోగా పన్ను అరుగుతుంది.

మధ్యాహ్నం బడిలో బ్రష్ చేయించాలని సరదా పడకు. కుళాయి దగ్గర తోపులాట, తడి బ్రష్‌లన్నీ ఒకే డబ్బాలో. అన్నం తిన్నాక గట్టిగా పుక్కిలించమను, చాలు. రాత్రి పడుకునేముందు తోమడం ముఖ్యం, నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది మరి. డైరీలో టిక్కులు పెట్టమంటే పిల్లలు నెలవి ఒకేసారి పెట్టేస్తారు. తల్లుల మీటింగులో చెప్పు: ఏడెనిమిదేళ్ల దాకా పిల్లలు తోముకునేటప్పుడు తల్లి చెయ్యి పడాలి. పేస్టు బఠాణీ గింజంత చాలు, ఉమ్మేయడం నేర్పాలి.

గేటు ముందు కొట్టుతో తగాదా పెట్టుకోకు. తీపి ఎంత తిన్నారన్నది ఒక్కటే కాదు, ఎన్నిసార్లు నోట్లో వేసుకున్నారన్నదీ లెక్కే. గంటగంటకీ చప్పరించే లాలీపాప్ కన్నా భోజనంతో పాటు తినే లడ్డు నయం.

ఇంకొకటి. ఆటల్లో పడి ముందు పన్ను ఊడొస్తే, అది పాలపన్ను కాకపోతే, వేరు ముట్టుకోకుండా పై భాగం పట్టుకుని తియ్యి. రుద్ది కడగొద్దు. చల్లారిన పాలలో వేసి గంటలోపు డెంటిస్టు దగ్గరికి పంపితే మళ్లీ అతికే అవకాశం ఉంది. స్టాఫ్‌రూంలో టీ కోసం పాలు ఎలాగూ ఉంటాయిగా.

మీ పెద్దమ్మ