జపాన్‌లో పుట్టిన సౌండ్‌వేవ్

ప్రశ్న: నేను న్యూజెర్సీలో పెరిగాను. మొన్న అమ్మావాళ్లింట్లో పాత అట్టపెట్టె విప్పితే నా చిన్నప్పటి సౌండ్‌వేవ్, అదే క్యాసెట్ ప్లేయర్‌గా మారే రోబో బొమ్మ, దొరికాడు, బటన్ నొక్కగానే ఛాతీ తలుపు టక్కున తెరుచుకుంది, కళ్లు చెమర్చాయి. అమెరికన్ కంపెనీ హాస్‌బ్రో అమ్మిన బొమ్మ మీద ‘తకారా, జపాన్’ అని ఎందుకుంది?

జవాబు: వాడు పుట్టిందే జపాన్‌లో అండీ. తకారా కంపెనీ డయాక్లోన్, మైక్రో చేంజ్ పేర్లతో చేసిన బొమ్మల్ని హాస్‌బ్రో తీసుకుని, కొత్త పేర్లూ కథా జోడించి 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్‌గా అమెరికాలో దింపింది. మైక్రో చేంజ్‌లో వస్తువులు అసలు సైజులోనే రోబోలయ్యేవి, అందుకే మీవాడు క్యాసెట్ ప్లేయర్, మెగాట్రాన్ అనే ఇంకో రోబో పిస్తోలు. ఆప్టిమస్ ప్రైమ్ అనే రోబో మాత్రం డయాక్లోన్ బొమ్మల్లోని లారీ. ఆ పెట్టెలోనే బుల్లి క్యాసెట్ కూడా ఉందేమో వెతకండి, అది లేకపోతే వాడి ఛాతీ బోసిగా ఉంటుంది. ఎండ తగిలేచోట మాత్రం పెట్టకండి, స్టిక్కర్లు వెలిసిపోతాయి.