అబ్దుల్‌హమీద్ సుల్తాన్‌ను గద్దె దించింది ఎవరు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ‘పాయితహ్త్: అబ్దుల్‌హమీద్’ అనే టర్కీ సీరియల్ ఉర్దూ సబ్‌టైటిల్స్‌తో ఫోన్‌లో వదలకుండా చూస్తున్నాడు. సుల్తాన్‌ని గద్దె దించింది యూదులేనని, ఇప్పటికీ ప్రపంచాన్ని వెనక నుంచి నడిపేది వాళ్లేనని వాదిస్తున్నాడు. వాడికి ఏం చెప్పాలి?
– ఎస్. ఎఫ్., నిజామాబాద్

జవాబు: అమ్మా, సీరియల్ మాన్పించకండి. మాన్పిస్తే అందులో ఏదో దాచిన నిజం ఉందని వాడికి ఇంకా గట్టిగా అనిపిస్తుంది. పక్కన కూర్చుని మీరూ చూడండి. నేనూ చాలా ఎపిసోడ్లు చూశాను. ఉస్మానీ (ఒట్టోమన్) టర్కీ సామ్రాజ్యాన్ని ఏలిన సుల్తాన్ రెండో అబ్దుల్‌హమీద్ కథ అది. 2017లో టర్కీ ప్రభుత్వ చానల్ టీఆర్‌టీలో మొదలై 2021 దాకా వచ్చింది. నటన, కోటలు, దుస్తులు బాగుంటాయి. ప్రమాదం కూడా అక్కడే ఉంది.

అందులో పెద్ద విలన్ థియోడర్ హెర్జల్, యూదులకు సొంత దేశం కావాలని ఉద్యమం నడిపిన పాత్రికేయుడు. కన్నతండ్రినే బంధించి ఉంచిన క్రూరుడిగా చూపించారు. అది శుద్ధ అబద్ధం. అసలు జరిగింది వేరు. 1901 మేలో హెర్జల్ ఇస్తాంబుల్ వచ్చి సుల్తాన్‌ని కలిశాడు. అప్పుల్లో ఉన్న సామ్రాజ్యానికి డబ్బు సర్దుతాం, పాలస్తీనాలో స్థిరపడనివ్వండి అన్నది అతని ప్రతిపాదన. సుల్తాన్ ఒప్పుకోలేదు. ఇంతవరకు సీరియల్ చెప్పేదీ నిజమే. కానీ ఆ సుల్తానే అతనికి మెజీదియే అనే రాజ గౌరవ పతకం ఇచ్చాడు. కుట్రదారుకి ఎవరైనా పతకం ఇస్తారా అని అబ్బాయిని అడగండి.

ఇక గద్దె దించడం. 1909 ఏప్రిల్‌లో ఆ నిర్ణయం చేసింది ఉస్మానీ పార్లమెంటు, ఫత్వా ఇచ్చింది సామ్రాజ్యంలో అత్యున్నత మతాధికారి అయిన షేక్-ఉల్-ఇస్లాం. కబురు చెప్పడానికి నలుగురు ప్రతినిధులు వెళ్లారు. వాళ్లలో ఒకరు సలోనికా (ఇప్పుడు గ్రీసులో ఉంది) యూదుడు ఇమాన్యుయేల్ కరాసు. మరొకరు అల్బేనియా ముస్లిం, ఇంకొకరు ఆర్మీనియన్. కుట్ర కథకులకు నలుగురిలో ఒక్కడే కనిపిస్తాడు! రాజ్యాంగాన్ని పక్కనపెట్టి ముప్పై ఏళ్లు పాలించిన సుల్తాన్ మీద సొంత సైన్యంలో, సొంత ముస్లిం అధికారుల్లో ఎంత కోపం ఉండేదో ఈ కథ మింగేస్తుంది. నాకు బాధ కలిగించేది అదే. తమ చరిత్రను తాము అర్థం చేసుకునే అవకాశం టర్కీ పిల్లలకే పోతోంది.

‘యూదుల రహస్య పథకం’ అనే మాట వెనక 1903లో రష్యాలో అచ్చయిన ఒక నకిలీ పత్రం ఉంది. అది నకిలీ అని 1921లో బయటపెట్టింది ఎవరో తెలుసా? ఇస్తాంబుల్‌లోనే ఉన్న లండన్ టైమ్స్ విలేఖరి ఫిలిప్ గ్రేవ్స్. మూడో నెపోలియన్‌ని విమర్శిస్తూ 1864లో వచ్చిన ఫ్రెంచి పుస్తకం నుంచి పేరాలకు పేరాలు ఎత్తేశారని పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆ పుస్తకంలో యూదుల ప్రసక్తే లేదు.

పాలస్తీనా వాళ్ల కష్టం చూసి అబ్బాయికి కలిగే బాధ నిజమైనది, దాన్ని తక్కువ చేయకండి. ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని ఎంతైనా విమర్శించవచ్చు. ఆ కోపం యూదుడన్న ప్రతి మనిషి మీదికీ మళ్లకూడదు.

వాడు సీరియళ్లే చూస్తానంటే, 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘కులూప్’ చూపించండి. అదీ టర్కీదే. 1950ల ఇస్తాంబుల్‌లో మటిల్డా అనే యూదు తల్లి, ఆమె కూతురి కథ. 1942లో ముస్లిమేతరుల నడ్డి విరిచిన ఆస్తి పన్ను, కట్టలేనివాళ్లను పంపిన అష్కలే వెట్టిచాకిరీ శిబిరం, 1955 సెప్టెంబరులో వాళ్ల దుకాణాల మీద జరిగిన దాడులు, ఇవన్నీ నిజంగా జరిగినవి. చూశాక వాడికి సందేహాలొస్తే, ఈసారి వాడినే రాయమనండి.