పిల్లల లెక్కలు, పెద్దల ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలన్నీ ఐదో తరగతి వరకు పిల్లల లెక్కల ట్యూషన్ల గురించే. గోదావరికి రెండు వైపుల నుంచీ వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాళ్ళను కలిపి జవాబిస్తున్నాం.

డిగ్రీలో లెక్కలు చదివాను. సాయంత్రాలు మా అరుగు మీద ట్యూషన్ మొదలుపెడదామని ఉంది. అప్పుడే తొమ్మిదిమంది వస్తామన్నారు. ఒకటో తరగతి ఇద్దరు, మూడో తరగతి నలుగురు, ఐదో తరగతి ముగ్గురు. అందర్నీ ఒకేసారి కూర్చోబెట్టవచ్చా?
— గృహిణి, పాలకొల్లు

వద్దండి. తొమ్మిదిమందైతే అది ఇంకో బడి అవుతుంది. తక్కువమంది ఉంటే లాభమేమిటంటే, పిల్లవాడు లెక్క చేస్తుండగానే వాడి పలక మీకు కనపడుతుంది. జవాబు ఎవరైనా దిద్దుతారు. పెన్సిల్ ఎక్కడ ఆగిందో, వేళ్ళు ఎక్కడ మొదలుపెట్టి లెక్కపెట్టాడో పక్కనుంటేనే తెలుస్తుంది. నలుగురైదుగురి వరకు ఇది సాగుతుంది. ఆ పైన ఎవరో ఒకరు పక్కవాడిది చూసి రాసేస్తుంటారు, మీ కంట పడదు. రెండు జట్లు చేసి వారానికి మూడేసి రోజులు పెట్టుకోండి.

జట్లు తరగతిని బట్టి కట్టవద్దు, ఎంతవరకు వచ్చో చూసి కట్టండి. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూడడానికి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేసే 'అసర్' సర్వేలో లెక్కలకు నాలుగు మెట్లు వాడతారు: ఒక అంకె గుర్తుపట్టడం, రెండంకెల సంఖ్య చదవడం, అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. మొదటిరోజు ఒక్కొక్కరినీ విడిగా పిలిచి పది నిమిషాలు ఇవే అడగండి. చదవడానికి 47, 70, 17. తీసివేతకు 61−27. భాగహారానికి 745ని 6తో (భాగఫలం 124, శేషం 1). ప్రతిదానికీ "ఎలా చేశావో చెప్పు" అనండి. ఆ రోజు మాత్రం ఏదీ దిద్దవద్దు. దిద్దడం మొదలుపెడితే రెండో లెక్క నుంచి వాడు లెక్క మానేసి మీ ముఖం చూస్తాడు. ఐదో తరగతి పిల్లవాడు తీసివేత దగ్గరే ఆగితే మూడో తరగతి వాళ్ళతో కూర్చోవాల్సిందే. వాడికి నామోషీ కలక్కుండా "సోమ, బుధ, శుక్ర జట్టు" అని పేరు పెట్టండి, సరిపోతుంది.

గంట చాలు, ఒకటో తరగతి వాళ్ళకు నలభై నిమిషాలే. మొదటి పది నిమిషాలు నోటి లెక్కలు, తర్వాత ఇరవై ఐదు నిమిషాలు వస్తువులతో ఒకే ఒక్క సంగతి, మిగతా టైములో ఎవరికి వాళ్ళు చేసుకోవాలి. హోంవర్కు చేయించమని తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు. చేయించనని చేర్చుకునేటప్పుడే చెప్పేయండి. ఒకసారి ఒప్పుకుంటే ఇక మీ గంటంతా దానికే పోతుంది.

సామాను పెద్దగా అక్కర్లేదు. కొబ్బరి ఈనెలు వేలెడు పొడవున కత్తిరించి ఇద్దరికి కలిపి 200 ముక్కలు, చారెడు చింతపిక్కలు, రబ్బరు బ్యాండ్లు. చేసి చూసుకోవడానికి పలక, పరీక్షకు నోటుబుక్కు. నోటుబుక్కులో రబ్బరు వాడనివ్వకండి. తప్పు చెరిపేస్తే అది ఎందుకొచ్చిందో మీకు ఆధారం పోతుంది.

మా అమ్మాయి మూడో తరగతి. కూడికలన్నీ రైటే. 52లోంచి 27 తీసెయ్యమంటే మాత్రం 35 అంటుంది. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఇది అశ్రద్ధేనా?
— ఒక తల్లి, అమలాపురం

అశ్రద్ధైతే ఒకసారి 35, ఒకసారి 24 వస్తుంది. ఎప్పుడూ ఒకే తప్పు వస్తోందంటే లోపల ఒక పద్ధతి ఉన్నట్టు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేసి 5 వేసి ఉండవచ్చు. "పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యాలి" అని ఒకటో తరగతిలో మనం చెప్పిన మాటే అది, పాప దాన్ని ఇక్కడా పట్టుకుంది. లేదా అప్పు తెచ్చుకుని 12లోంచి 7 తీసి 5 సరిగ్గానే వేసి, పదుల్లో 5ని 4 చెయ్యడం మరిచి ఉండవచ్చు. రెండు దారులూ 35కే వెళతాయి. కాబట్టి ఈ లెక్కతో ఆమెది ఏ తప్పో తేలదు. ఒకట్ల అంకెల మధ్య తేడా 5 ఉన్న ప్రతి లెక్కదీ ఇదే ఇబ్బంది.

72−38 ఇచ్చి చూడండి. 46 అంటే తలకిందులుగా తీస్తోంది. 44 అంటే పదులు తగ్గించడం మరిచింది. సరైన జవాబు 34. తర్వాత 70−34 ఇవ్వండి. 40 అని రాస్తే అది మూడో రకం, "సున్నాలో ఏమీ లేదు కాబట్టి ఏమీ పోదు" అనుకుంటోంది.

మొదటి రెండింటికీ మందు ఈనెలే. పదేసి ఈనెలకు రబ్బరు బ్యాండు వేసిన ఐదు కట్టలు, రెండు విడి ఈనెలు ముందు పెట్టి "ఇందులోంచి ఏడు నాకివ్వు" అనండి. అని ఊరుకోండి. పాప రెండు ఇచ్చి ఆగుతుంది, మీ వైపు చూస్తుంది, కట్టను తిప్పి చూస్తుంది. చాలామంది పిల్లలు అర నిమిషంలో అడుగుతారు, "ఇది విప్పొచ్చా?" అని. ఆ అర నిమిషం మీరు ఓపిక పట్టకపోతే ఈనెలు తెచ్చీ లాభం లేదు. కట్ట విప్పితే నాలుగు కట్టలు, పన్నెండు విడివి. ఏడు ఇచ్చింది, అయిదు మిగిలాయి. ఇంకో రెండు కట్టలు ఇచ్చింది. ఎదురుగా రెండు కట్టలు, అయిదు ఈనెలు.

'అప్పు' అనే మాట మానేసి 'కట్ట విప్పు' అనండి. అప్పంటే తిరిగి ఇవ్వాలి కదా, ఇక్కడ ఎవరూ ఏదీ తిరిగివ్వరు. కట్ట విప్పితే మాత్రం కట్టల్లో ఒకటి తగ్గడం కళ్ళెదుటే కనపడుతుంది.

మొదటి రెండు రోజులు ఈనెలే, రాత వద్దు. తర్వాతి రెండు రోజులు కట్ట విప్పిన ప్రతిసారీ పలక మీద 5 కొట్టేసి 4, ఒకట్ల మీద 12 రాయించండి. చేతిలో ఒక పని, పలక మీద ఒక గుర్తు. అయిదో రోజు నుంచి ఈనెలు పక్కనే ఉంటాయి, కావాలంటే తీసుకోవచ్చు. ఒక్క జవాబు రైటు రాగానే ఈనెలు లోపల పెట్టేసేవాళ్ళే ఎక్కువ, వారం తిరక్కుండా పాత తప్పు మళ్ళీ వస్తుంది.

మధ్యలో సున్నా ఉన్న లెక్కలు ఆ తర్వాతే. 402−178కి 234 వచ్చిందంటే వంద విప్పి పదుల్లో 10 పెట్టి, అందులోంచి ఒకటి ఒకట్లకు వెళ్ళినా ఆ 10ని 9 చెయ్యలేదన్నమాట. పది కట్టలను తాడుతో ఒక మోపుగా కట్టి చూపండి. మోపు విప్పాలి, అందులో ఒక కట్ట విప్పాలి, తొమ్మిది కట్టలు అక్కడే ఉండాలి. జవాబు 224.

సున్నాలు వరసగా ఉంటే విప్పడం కంటే చిన్న సంఖ్య నుంచి పెద్దదానికి ఎక్కిరావడం నయం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. 2000 నాటికి ఎన్నేళ్ళు? 1860కి 8, 1900కి 40, 2000కి 100. మొత్తం 148. పెద్దవాళ్ళు చిల్లర ఇచ్చేటప్పుడు చేసే లెక్క ఇదే, బళ్ళో ఎందుకో చెప్పరు.

ఎక్కాలు పాటలా అప్పజెబుతారు. "ఏడు ఎనిమిదులు?" అని మధ్యలో అడిగితే "ఏడొకట్లు ఏడు" నుంచి ఎత్తుకుంటారు. ఏం చెయ్యాలి?
— ట్యూషన్ మేష్టారు, మండపేట

పాటలో మూడో చరణం అడిగితే పల్లవి నుంచి ఎత్తుకున్నట్టే ఇదీను. వల్లెవేయడం తప్పని మేం అనం. అక్కడితో ఆగిపోవడం తప్పు.

పిల్లలకు భయం తగ్గాలంటే ముందు కుప్ప తగ్గించండి. 2 నుంచి 9 వరకు ఎక్కాల్లో 64 లెక్కలు. మూడు ఏడులూ ఏడు మూళ్ళూ ఒకటే కాబట్టి నిజానికి 36. రెండో ఎక్కం, అయిదో ఎక్కం అందరికీ వస్తాయి, అవి పోగా 21. తొమ్మిదికి పదిరెట్లలోంచి ఒకటి తగ్గించడమే, 9×7 అంటే 70−7. అవీ పోతే 15. నాలుగంటే రెట్టింపుకి రెట్టింపు, మూడంటే రెట్టింపుకి అదే సంఖ్య ఇంకోసారి. చివరికి మిగిలేవి ఆరే: 6×6, 6×7, 6×8, 7×7, 7×8, 8×8.

ఈ ఆరింటికి అట్టముక్కలు చెయ్యండి, ముందు లెక్క, వెనక జవాబు. కలిపి ఒక్కోటి చూపి అయిదు సెకన్లు ఆగండి. వస్తే కుడి పక్క, రాకపోతే ఎడమ పక్క. రానిదానికి జవాబు చెప్పేయకుండా దారి అడగండి. 7×8 అయితే: 5×8 తెలుసు, 40. 2×8 తెలుసు, 16. కలిపితే 56. 6×8నీ 7×7నీ ఒకే రోజు కొత్తగా ఇవ్వకండి, 48, 49 కలగాపులగం అవుతాయి.

అబాకస్ క్లాసులో చేర్పిస్తే ఈ ట్యూషన్ అక్కర్లేదా?
— తణుకు

అబాకస్ వల్ల కూడికలు, తీసివేతల్లో వేగం వస్తుంది. భిన్నాలు, మాటల లెక్కలు దానివల్ల రావు. తీసివేతలో తడబడే పిల్లలకు ముందు వేగం నేర్పడం మా దృష్టిలో డబ్బు దండగ.

మనవడు ఇంగ్లీషు మీడియం, రెండో తరగతి. డెబ్బై ఎనిమిది అంటే తెల్లబోతాడు. 13 రాయమంటే ఒక్కోసారి 30 రాస్తాడు. తెలుగులో లెక్కలు చెబితే తికమక పడతాడా?
— ఒక బామ్మగారు, రాజోలు

పడడండి, ఇంకా మేలే. 'థర్టీన్', 'థర్టీ' చెవికి దాదాపు ఒకటే. పైగా థర్టీన్‌లో మూడు ముందు వినపడి పది వెనక వస్తుంది, రాతలో పది ముందు. తెలుగు 'పదమూడు'లో ఎలా పలుకుతామో అలాగే రాస్తాం. మీరు పదమూడు అనండి, వాడు ఒక కట్ట, మూడు ఈనెలు పెట్టాలి, థర్టీన్ అనాలి, రాయాలి. ఇరవై నుంచి తొంభై దాకా పదుల పేర్లు ఎనిమిదే, రోజుకొకటి చెప్పినా ఎనిమిది రోజుల పని. మీ నోట ఎలాగూ వచ్చే పాతిక, పావు, అర, ముప్పావు కూడా మానకండి. పావుకిలో అంటే 250 గ్రాములని తెలిసిన పిల్లవాడికి నాలుగో తరగతిలో 1/4 కొత్త కాదు.

మావాడు ఐదో తరగతి. 1/4 కంటే 1/8 పెద్దదంటాడు, 8 పెద్దది కాబట్టి. 1/2, 1/4 కలిపితే 2/6 అంటాడు.
— రొయ్యల రైతు, భీమవరం

జవాబు మీ చెరువులోనే ఉంది. వంద కౌంట్ రొయ్య పెద్దదా, యాభై కౌంట్ రొయ్య పెద్దదా అని అడగండి. ఠక్కున చెబుతాడు. కిలోకి వంద తూగితే ఒక్కోటి 10 గ్రాములు, యాభై తూగితే 20. కింది సంఖ్య పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతుంది, హారం పనీ అదే. ఈ పోలిక లవం 1 ఉన్నంతవరకే. 3/8, 1/4లలో ఏది పెద్దదో దీంతో తేలదు.

దానికి 24 సెంటీమీటర్ల కాగితం పట్టీలు అయిదు కత్తిరించండి. 24 ఎందుకంటే సగం 12, మూడో వంతు 8, నాలుగో వంతు 6, ఆరో వంతు 4, ఎనిమిదో వంతు 3, ఎక్కడా చిల్లర రాదు. 3/8 అంటే 9 సెంటీమీటర్లు, 1/4 అంటే 6. ఇక 2/6 సంగతి. కొలిస్తే 8 సెంటీమీటర్లు. సగమే 12 ఉంటే, సగానికి ఇంకొంత కలిపితే 8 ఎలా అయిందని వాణ్ణే అడగండి. వాడే నవ్వుతాడు. అప్పుడు సగం పట్టీని నాలుగో వంతు మడతలుగా చూపిస్తే 2/4, 1/4 కలిసి 3/4.

మాటల లెక్క ఇవ్వగానే "కూడాలా, తీసెయ్యాలా?" అంటారు.
— ట్యూషన్ టీచర్, రావులపాలెం

'మొత్తం' అంటే కూడిక, 'మిగిలాయి' అంటే తీసివేత అని ఎవరో చిట్కా చెప్పి ఉంటారు. ఈ లెక్క ఇవ్వండి: "దింపులో కొన్ని కొబ్బరికాయలు వచ్చాయి. 85 అమ్మాక 40 మిగిలాయి. ఎన్ని కాయలు దింపారు?" చిట్కా పిల్లలు 45 అంటారు. అమ్మినవే 85 అయితే దింపినవి 45 ఎలా అవుతాయని అడగండి.

వారం రోజులు మాటల లెక్కలన్నీ అంకెలు లేకుండా చదవండి. "కొన్ని దింపారు, కొన్ని అమ్మారు, కొన్ని మిగిలాయి." ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, మనకు తెలియనిది ఏది అని పిల్లలు తమ మాటల్లో చెప్పాలి. తర్వాత ఒక పొడుగు గీత గీసి రెండు ముక్కలు చేయించండి, అమ్మినవి ఇటు, మిగిలినవి అటు. అంకెలు ఆఖర్న ఇవ్వండి. గీత గీసిన పిల్ల కూడాలా తీసెయ్యాలా అని మిమ్మల్ని అడగదు. అడిగిందంటే గీత మీరే గీసిచ్చారన్నమాట, పలక వెనక్కి ఇచ్చేసి మళ్ళీ గీయమనండి.